ఉయ్యాల కట్టని దూలం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేనికి కొదవ ఉన్నా అనుమానానికి మాత్రం లోటు ఉండేది కాదు. పాలల్లో నీళ్ళు కలుస్తున్నాయని, మిల్లులో మన తవుడు మిగుల్చుకుంటున్నారని, కైకలూరు నుంచి చేపలు తెచ్చే ఆవిడ తక్కెడ పళ్ళెం అడుగున చింతపండు అంటిస్తోందని మా నాన్న రోజూ ఏదో ఒకటి పట్టుకునేవాడు. ఏమీ దొరకని రోజున ఇంకా కంగారుపడేవాడు. దొరకలేదంటే మోసం మరీ పెద్దదై ఉంటుందని ఆయన లెక్క.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. నేను పుట్టకముందు ఏదో సంతలో ఒక ఎడ్ల జత కొన్నాడట. వయసు తెలియకుండా పళ్ళు అరగదీసి అంటగట్టారు. దుక్కి మొదలుపెట్టగానే ఒక ఎద్దు నాగలి చాల్లోనే కూలబడింది. ఊళ్ళో వాళ్ళు చాలాకాలం ఆయన కనిపించగానే పళ్ళికిలించి చూపించేవారు. అప్పటినుంచీ నాన్న నోరున్న ప్రతి ప్రాణికీ పళ్ళు చూడటం మొదలుపెట్టాడు. నాకు రంగు మా అమ్మది వచ్చింది, బుద్ధి మాత్రం నాన్నదే వచ్చింది. పలక మీద మా పంతులుగారు వేసిన మార్కుల్ని కూడా నేను మళ్ళీ కూడి చూసుకునేదాన్ని.

మా ఊరు గుండుగొలను దగ్గర రోడ్డు దిగి కొల్లేటి వైపు వెళ్తే వస్తుంది. నల్లమట్టి నేల, చుట్టూ నీళ్ళు. ఏడాదిలో సగం రోజులు గోడలు చెమర్చి ఉండేవి. అటక మీద డబ్బాలో పెట్టిన అప్పడాలు కూడా మెత్తబడిపోయేవి. మాది తాతయ్య కట్టించిన పెంకుటిల్లు. ఆయన పోయాక ఎవరూ పైకెక్కి చూసిన పాపాన పోలేదు. వాన మొదలైందంటే బిందెలు, గిన్నెలు, ఆఖరికి ఉప్పుజాడీ మూత కూడా గదుల్లో కొలువుదీరేవి. ఏ చుక్క కింద ఏ గిన్నె పెట్టాలో నాకు కంఠతా వచ్చు.

ఆ ఏడు చలి వెళ్తూండగా తమ్ముడు పుట్టాడు. నడిమి గదిలో అడ్డంగా ఒక తాటి దూలం ఉండేది, దానికి ఒక ఇనప కొక్కెం. మా నాన్న, ఆ తర్వాత నేను, ఆ కొక్కేనికి వేలాడదీసిన ఉయ్యాల్లోనే పెరిగాం. తమ్ముణ్ణీ అందులోనే వేశారు. ఎండలు ముదరకముందే ఒకరోజు అకాల వర్షం పడింది. పెంకుల సందులోంచి జారి, దూలం వెంట పాకి, ఒక నల్లటి నీటిచుక్క సరిగ్గా వాడి నుదుటి మీద పడింది. వాడు ఏడవలేదు, అమ్మే ఏడ్చింది. దాళ్వా, అంటే రెండో పంట ధాన్యం అమ్మగా వచ్చే డబ్బంతా ఈసారి ఇంటి కప్పుకే పెట్టాలని ఆ పూటే తేలిపోయింది. ఆ డబ్బు తప్ప మాకు వేరే ఆధారం లేదు. మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఇంకో రూపాయి పుట్టదు, తొలకరి మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

డబ్బు మూట ఇంటికి రాగానే నాన్న కళ్ళముందు ఇంకో ఇల్లు లేచి నిలబడింది. వీధి వైపు మొత్తం ఎర్రగా నిగనిగలాడే బెంగుళూరు పెంకు వేయించాలి. ముందు కొత్త వసారా దింపాలి. దారినపోయేవాళ్ళు ఆగి చూడాలి. ఎద్దుపళ్ళ కథ ఇంక ఎవరికీ గుర్తు రాకూడదు. ఈ ఆఖరి మాట ఆయన పైకి అనలేదు గానీ మా అందరికీ తెలుసు.

పొరుగూరి నుంచి పెంకు నేసే మేస్త్రిని పిలిపించారు. సన్నటి మనిషి. మాట్లాడుతున్నంతసేపూ మన మొహం చూడకుండా ఇంటి చూరు వంకే చూసేవాడు. అది చాలు నాన్నకి. మనిషి కళ్ళలోకి చూడలేనివాడు ఎలాంటివాడో చూడవే అన్నట్టు నా వైపు ఓ చూపు విసిరాడు. నేనూ అర్థమైనట్టు తలూపాను. మేస్త్రి ఇల్లంతా తిరిగాడు, నిచ్చెనేసి పైకెక్కాడు, నడిమి గదిలో ఉయ్యాల తీయించి, పీట ఎక్కి, దూలం గోడలోకి దిగే చోట వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. తర్వాత బయటికొచ్చి చెప్పాడు. ముందు ఆ దూలం, కొన్ని పుచ్చిన వాసాలు మార్చాలి, దూలం గోడలో ఉన్న చివర గుల్లగా పలుకుతోంది, ఆ తర్వాతే పెంకు సంగతి. పాత పెంకుల్లో చాలా భాగం గట్టివే, ఏరి మళ్ళీ నేసుకోవచ్చు, కొత్త పెంకు అంత అవసరం లేదు.

ఇంకొకరైతే కొత్త పెంకు కొనక్కర్లేదన్నందుకు సంతోషించేవారు. మా నాన్నకి అక్కడే అనుమానం తగిలింది. పెంకు వద్దంటున్నాడంటే కలప దగ్గర ఏదో ఉందన్నమాట. మేస్త్రి దూలానికీ కూలికీ కలిపి ఖర్చు చెప్పేసరికి అనుమానం కాస్తా నిజమైపోయింది.

"తాడేపల్లిగూడెం కలప అడితిలో నీకెంత ముడుతుందేంటి?" అన్నాడు నాన్న నవ్వుతూనే.

మేస్త్రి మొట్టమొదటిసారి చూరు మీంచి చూపు దించి నాన్న మొహం వంక చూశాడు. "చిత్తం బాబుగారూ, తమరెలాగంటే అలాగేనండి," అన్నాడు.

ఆ తర్వాత బేరం సాగింది. బేరమంటే ఒకరే ఆడారు. దూలం మార్చడం పోయి, దానికి ఓ ఇనప పట్టీ బిగించి తారు పూయడం దగ్గర తేలింది. పుచ్చిన వాసాల్లో కొన్ని అలాగే ఉండిపోయాయి. కూలి కూడా తగ్గింది. నాన్న ఒక్కో మాట అన్నప్పుడల్లా మేస్త్రి ఒక్కోటి వదిలేసి "అలాగేనండి" అంటూ పోయాడు. ఆయన వెళ్ళాక నాన్న అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు. దొంగ దొరికిపోతే నోరు పెగలదని, అడితి మాట ఎత్తగానే వాడి గొంతు ఎలా పడిపోయిందో చూశారా అని భోజనాల దగ్గర రెండోసారి చెప్పాడు. నాకు మా నాన్న అంత తెలివైనవాడు లోకంలో లేడనిపించింది. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళ అమ్మ, మజ్జిగ వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదని నాకప్పటికి తెలియదు.

పని మొదలైన రోజు నాన్నకి చేలోకి మట్టి తోలించే పని పడింది. వేసవి సెలవులు కాబట్టి నన్ను కాపలా పెట్టాడు. దించిన పెంకుల్లో గట్టివి పక్కకి తప్పిస్తారనీ, ఒక కన్నేసి ఉంచమనీ చెప్పాడు. నేను ఒకటి కాదు, రెండు కళ్ళలోనూ వత్తులు వేసుకుని అరుగు మీద పీటేసుకుని కూర్చున్నాను. మేస్త్రి పైనుంచి పెంకులు అందిస్తుంటే ఆయన భార్య తట్టలో పెట్టి దొడ్లోకి మోస్తోంది. వాళ్ళకి మా తమ్ముడి ఈడు బిడ్డ ఒకడు. దొడ్లో గానుగ చెట్టు కొమ్మకి పాత చీర కట్టి, అందులో వాణ్ణి పడుకోబెట్టింది. పెంకులు మోసి వెనక్కి వచ్చినప్పుడల్లా చీరని ఒక ఊపు ఊపి వెళ్ళేది.

నాకు ఆ చీర ఉయ్యాల మీదే పడింది అనుమానం. అంత వదులుగా ఉన్న చీరలో బిడ్డతో పాటు ఏమైనా పడుతుంది. మా ఇత్తడి చెంబు కూడా పడుతుంది. రెండుసార్లు మంచినీళ్ళు తాగే వంకతో వెళ్ళి తొంగిచూశాను. బిడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. కనిపించలేదు కాబట్టి ఇంకా అనుమానం వచ్చింది. వెళ్ళి మామ్మ చెవిలో ఊదాను, వీళ్ళు బిడ్డని పదే పదే చూసుకుంటున్నారు, ఏదో ఉందని.

మామ్మ నన్ను ఎగాదిగా చూసి, పని మానుకుని దొడ్లోకి వచ్చింది. అప్పటికి పొద్దు నెత్తి మీదికొచ్చి గానుగ నీడ పక్కకి జరిగిపోయింది. చీరలో బిడ్డ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. మామ్మకి అక్కడ దొంగతనం కనిపించలేదు, ఎండ కనిపించింది. "అదేంటమ్మాయ్, పసిగుడ్డుని ఇలా ఎండబెడతావా? మా నడిమి గదిలో కొక్కెం ఖాళీగానే ఉంది, దుమ్ము పడుతుందని మావాడి ఉయ్యాల తీసేశాం. ఇవాళ పని వసారా వైపే కదా, లోపల చల్లగా ఉంటుంది, అక్కడ కట్టుకో," అంది. ఆ అమ్మాయి మొహం విప్పారింది. బిడ్డని చంకనేసుకుని, చీర విప్పుకుని మామ్మ వెనకాలే లోపలికి వచ్చింది. కాపలాదారుని కాబట్టి నేనూ వెనకాలే వెళ్ళాను.

ఆ అమ్మాయి చీర కొసని కొక్కెంలోంచి దూర్చి ముడి వేస్తోంది. మంచినీళ్ళ కోసం కిందికి దిగిన మేస్త్రి గుమ్మంలోంచి అది చూశాడు. ఒక్క అంగలో గదిలోకి వచ్చి, ముడి విప్పేసి, చీర గుంజేసుకున్నాడు. బిడ్డని తీసుకుని మళ్ళీ చెట్టు దగ్గరికే పోయి, నీడ ఉన్న వేరే కొమ్మ వెతికి కట్టాడు. "వద్దులెండమ్మగారూ, ఆడికి గాలి తగలాలండి," అన్నాడు పైకెక్కబోతూ. ఆ ముక్క ఆయన చూరు వంక కాకుండా నేల వంక చూస్తూ అన్నాడు.

మామ్మ గదిలోనే నిలబడిపోయింది. దూలం వంక చూసింది, ఖాళీ కొక్కెం వంక చూసింది. నాకైతే మేస్త్రి మీద అనుమానం పదింతలైంది గానీ దేని గురించో తెలియలేదు. మామ్మకి తెలిసింది. ఆవిడ ఎవరినీ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. అటక మీంచి మా ఉయ్యాలా గొలుసులూ దింపించి, తుడిచి, గదిలో ఓ మూల పెట్టి, నాన్న కోసం ఎదురుచూసింది.

నాన్న వచ్చి కాళ్ళు కడుక్కునేలోపే జరిగింది చెప్పింది. నాన్న పకపకా నవ్వాడు. ఎంత నాటకమో చూశావా అమ్మా, తగ్గించిన డబ్బు మళ్ళీ గుంజడానికి బిడ్డని కూడా వాడుకుంటున్నాడు అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాటే సబబుగా తోచింది. మామ్మ గొలుసులు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నాటకమేనేమో. నీకు నమ్మకం ఉంది కదా. నీ చేత్తో నువ్వే ఉయ్యాల కట్టి, నీ చేత్తోనే పిల్లాణ్ణి పడుకోబెట్టు," అంది.

నాన్న మొండివాడు. పీట ఎక్కి కొక్కేనికి గొలుసులు తగిలించాడు. పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. దూలం కదల్లేదు గానీ గోడ దగ్గర సన్నటి పొడి కొంచెం రాలి ఆయన భుజం మీద పడింది. ఆయన దులుపుకుని, చూశారా అన్నట్టు మావైపు తిరిగి, పిల్లాణ్ణి ఇమ్మని చేతులు చాచాడు. అమ్మ ఎప్పుడూ ఆయన మాటకి ఎదురు చెప్పలేదు. ఆ రోజు గుమ్మం దగ్గర కదలకుండా నిలబడింది. మామ్మ ఆమె వైపు చూసి తలూపాక వచ్చి తమ్ముణ్ణి ఆయన చేతుల్లో పెట్టింది. పెట్టాక కూడా ఉయ్యాల పక్కనుంచి కదల్లేదు. అంతవరకూ నాకు భయమంటే పెంకులు పోతాయనే.

నాన్న తమ్ముణ్ణి ఉయ్యాల మీదుగా పట్టుకుని వంగాడు. వాడు ఆయన మీసం అందుకుందామని చెయ్యి చాస్తున్నాడు. ఆయన వాణ్ణి దించలేకపోయాడు. దించబోతాడు, పైకి చూస్తాడు, మళ్ళీ ఆగుతాడు. ఎంతసేపలా ఉన్నాడో నాకు తెలియదు. చివరికి ఆయన నడుం నిలబెట్టి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా దొడ్లోకి వెళ్ళిపోయాడు. గానుగ చెట్టు కింద అన్నం తింటున్న మేస్త్రి ముందు నిలబడి, "ఆ దూలం సంగతి మళ్ళీ చెప్పు," అన్నాడు.

మామ్మ కూడా వెనకే వెళ్ళింది. ఆవిడ మేస్త్రిని ఊరికే వదల్లేదు. "నీ బిడ్డకి పనికిరాని దూలం నా మనవడికెలా పనికొచ్చిందయ్యా?" అని నిలదీసింది. మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముందే చెప్పానండి, దొంగనన్నాక ఇంకోమాటు చెప్పడానికి నోరు రాలేదండి, పని కూడా కావాలి కదండి అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నేను తల తిప్పుకున్నాను. తర్వాత మామ్మ నాన్న వైపు తిరిగి అంది: "నువ్వు తగ్గించింది కూలి అనుకున్నావురా అబ్బాయ్. తగ్గింది దూలం."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ చెట్టు కింద కూర్చుని లెక్క మళ్ళీ మొదటినుంచీ వేశారు. ఈసారి మేస్త్రి ఏది ముందు, ఏది తర్వాత, ఏది లేకపోయినా పర్లేదు అని చెబుతుంటే నాన్న విన్నాడు. దూలం, వాసాలు ముందు. తర్వాత పాత పెంకులు ఏరి మళ్ళీ నేత. విరిగిన వాటి బదులు, గణపవరం వైపు ఎవరో కూలగొట్టిన ఇంటి పెంకు తెచ్చుకోవడం. వాన మొదలయ్యాక ఏదైనా బయటపడితే పనికొస్తుందని కొంత డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టడం. ఇవన్నీ పోగా నాన్న కలగన్న ఎర్ర పెంకుకీ కొత్త వసారాకీ ఏమీ మిగల్లేదు. వసారాకి తాటాకు కప్పుకుందామన్నాడు నాన్న. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో ఆయన మొహమే చెప్పింది.

మర్నాడే నాన్నా మేస్త్రీ కలిసి తాడేపల్లిగూడెం వెళ్ళారు. అడితి యజమానితో మేస్త్రి మాట్లాడినప్పుడల్లా నాన్న మధ్యలో చెవి పెట్టాడని తర్వాత మేస్త్రే నవ్వుతూ మామ్మకి చెప్పాడు. ఏళ్ళ తరబడి పాతుకున్న బుద్ధి ఒక్కరోజులో ఎక్కడికి పోతుంది! అయితే దూలాన్ని మేస్త్రి ఎంచితే, ధర దగ్గర బేరం నాన్న ఆడాడట, అడితివాడితో.

పాత దూలం దించినప్పుడు మేమంతా దొడ్లో నిలబడి చూశాం. మధ్యంతా ఇనుములా ఉంది. గోడలో దాగిన చివర మాత్రం చెద తినేసి డొల్లగా ఉంది. నాన్న వేలు పెట్టి కదిపితే పిండిలా రాలింది. ఆ పొడిని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. ఆ దూలం ఆ ఏడే కూలేదో, ఇంకో పదేళ్ళు నిలిచేదో నాకిప్పటికీ తెలియదు. మేస్త్రికీ తెలియదని ఆయనే చెప్పాడు. తన బిడ్డ దాకా వచ్చేసరికి తెలియకపోవడమే చాలిందాయనకి.

తాటాకు వసారా చూసి ఊళ్ళో వాళ్ళు చాలాకాలం వేళాకోళం చేశారు. ధాన్యం డబ్బంతా కప్పుకి పెడితే ఈ తాటాకేనా కనిపించేది అని అడిగేవారు. ఆ వానాకాలం నడిమి గదిలో ఒక్క గిన్నె కూడా పెట్టలేదు. తమ్ముడు పాకడం మొదలుపెట్టేదాకా కొత్త దూలం కిందే ఊగాడు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఏలూరులో మా అమ్మాయి ఇంటి స్లాబు మొన్నటి వానలకి కారడం మొదలెట్టింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, సెల్‌ఫోన్లో ఫోటోలు చూపించి, మెట్ల మీద నిలబడే ఎస్టిమేట్ చెప్పి వెళ్తున్నారు. మా అమ్మాయి ఒకరి ధర ఇంకొకరికి చెప్పి తగ్గించమంటోంది. నేను కుర్చీ వేసుకుని వింటూ ఉంటాను. అందరి మీదా నాకు అనుమానమే, అది తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోను. కానీ ఎదుటివాడు "అలాగేనండి, తగ్గిస్తానండి" అన్న ప్రతిసారీ నా అనుమానం వాడి మీద నుంచి మా బేరం మీదికి మళ్ళుతుంది. ఇప్పుడు మా కప్పులోంచి ఏం తీసేశాడా అని.

అందుకే ఒక్కటే అడుగుతాను. "బాబూ, ఈ గదిలో రాత్రికి మీ పిల్లలే పడుకోవాలంటే ఏం చేయిస్తావు?" అని. అడగ్గానే టకీమని జవాబు చెప్పేవాళ్ళని మంచినీళ్ళిచ్చి పంపించేస్తాను. నిన్న ఒకబ్బాయి వచ్చాడు. నేనడిగింది విని మాట్లాడటం ఆపేసి, తల ఎత్తి స్లాబు వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, ముందు చెప్పిన దానికంటే ఎక్కువే చెప్పాడు. మా అమ్మాయి నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పని అతనికే ఇచ్చాం.